ఇంటిని ఆఫీసులుగా మార్చే ప్లాన్: మా టీ నగర్ బిల్డింగ్‌కి పెట్టుకున్న ఆర్కిటెక్టులు ఎలా చేశారంటే

చెన్నై టీ నగర్‌లో మా నాన్న, బాబాయి కలిసి కట్టించిన ఆరు ఫ్లాట్ల బిల్డింగ్ ఉంది, గ్రౌండ్ ప్లస్ టూ. పిల్లలంతా తలో ఊళ్లో స్థిరపడ్డాక దాన్ని ఆడిటర్లకీ లాయర్లకీ ఆఫీసులుగా ఇద్దామని, మార్పుల ప్లాన్ కోసం ఒక ఆర్కిటెక్ట్ సంస్థని పెట్టుకున్నాం. తిట్టాల్సినవి కూడా ఉన్నాయి కాబట్టి పేరు రాయను. ఐదుకి మూడున్నర ఇస్తాను.

మొదటి మీటింగులో వీళ్లు ఒక్క గీత కూడా గీయలేదు, నాకు నచ్చింది అదే. అంతకుముందు వచ్చిన ఇంటీరియర్ వాళ్లు గ్లాసు పార్టిషన్లు, రిసెప్షన్ టేబులు అంటూ ఫోన్లో రంగుల బొమ్మలు చూపించి వెళ్లారు. వీళ్లు సర్వే నంబరు, పాత అప్రూవ్డ్ ప్లాన్ అడిగి తీసుకుని, చెన్నైలో ఎక్కడ ఏం కట్టొచ్చో చూసే సీఎండీఏ వాళ్ల రెండో మాస్టర్ ప్లాన్‌లో మా స్థలం ఏ జోన్‌లో పడిందో చూశారు. మిక్స్‌డ్ రెసిడెన్షియల్, అంటే ఇళ్లతోపాటు ఆఫీసులూ పెట్టుకోనిచ్చే జోన్ అని తేలింది, బతికిపోయాం. ప్రైమరీ రెసిడెన్షియల్ అయ్యుంటే బిల్డింగ్ మొత్తం ఆఫీసులకిచ్చే మాట వదులుకోవడమో, జోన్ మార్పించే రీక్లాసిఫికేషన్ కోసం తిరగడమో చెయ్యాల్సి వచ్చేది. జోన్ కలిసొచ్చినా వాడకం మారుతోంది కాబట్టి ప్లానింగ్ పర్మిషన్ తప్పదన్నారు. "పక్కింటాయన బోర్డు పెట్టేసి హాయిగా కూర్చోలేదా?" అని బాబాయి అడిగితే, "ఆయన్ని ఇంకా ఎవరూ అడగలేదు సార్, అంతే" అన్నాడు ఆర్కిటెక్ట్.

వీళ్ల అసలు పనితనం బరువుల లెక్కలో కనబడింది. స్ట్రక్చరల్ ఇంజనీరు చిన్న సుత్తితో సీలింగంతా తట్టుకుంటూ తిరిగి, బాత్రూముల కింద డొల్లగా మోగిన చోటల్లా సుద్దతో గుండ్రంగా గీశాడు. బిల్డింగ్ ఎంత బరువు మొయ్యాలో చెప్పే ఐఎస్ 875 ప్రమాణం ప్రకారం ఇంటి గదికి చదరపు మీటరుకి సుమారు 200 కిలోలు లెక్కేస్తే, ఫైళ్లు దాచే గదికి 500 కిలోలదాకా లెక్కెయ్యాలి. ఆడిటర్ ఆఫీసంటే ఇనుప బీరువాల వరసే కదా! మాతో మాట్లాడుకున్న ఆడిటర్ గారికి రెండో అంతస్తు కావాలి, గాలి బాగా వస్తుందని. ఆయనకి కింద ఇచ్చి, పైన కంప్యూటర్లు తప్ప కాగితాలు లేని చిన్న ఆఫీసులు పెట్టమన్నారు.

మెట్లది ఇంకో తంటా. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ఆఫీసులకి ఒకటిన్నర మీటరు వెడల్పు మెట్లు ఉండాలంటుంది. మావి ఒక మీటరే. వెనక ఇనుప మెట్లు వేస్తే సెట్‌బ్యాక్‌లోకి, అంటే బిల్డింగ్ చుట్టూ ఖాళీగా వదలాల్సిన చోట్లోకి వస్తాయి, పర్మిషన్ దగ్గరే ఆగిపోతుంది. చివరికి మెట్ల పక్కనున్న స్టోర్ రూములు కలిపేసి కొత్తగా వేసేలా డ్రాయింగ్ ఇచ్చారు. ఎస్టిమేట్ చూసి గుండె గుభేలుమంది కానీ దారి అదొక్కటే. బాత్రూములు, వంటగది పైపులు కదపలేదు, వంటగదే పాంట్రీ అయింది. ముందున్న కొబ్బరిచెట్టు కొట్టకుండానే కార్లకి చోటు చూపించారు, అందుకు అమ్మ వీళ్లకి ఇంకో అర మార్కు వెయ్యమంటోంది.

ఇక ఈబీ, అదే కరెంటు కనెక్షన్. అంత పెద్ద రిపోర్టులో దాని గురించి ఒకే లైను, "లోడ్ పరిశీలించుకోవాలి" అని. ఎవరు పరిశీలించాలి, మేమా? ఇంటి టారిఫ్ పోయి కమర్షియల్ వస్తే రెండు నెలలకోసారి దొరికే 100 ఉచిత యూనిట్లు పోతాయి, కిలోవాట్ల లెక్కన ఫిక్స్‌డ్ ఛార్జీ పడుతుంది, ఆరు ఆఫీసుల ఏసీలకి పాత సర్వీసు లైను చాలదు. ఇవన్నీ మా వీధి ఎలక్ట్రీషియన్ చెబితే తెలిశాయి. ఏసీల అవుట్‌డోర్ యూనిట్లు ఎక్కడ పెట్టాలో కూడా మేం అడిగాకే గీశారు, మొదట గీసింది సరిగ్గా పక్కింటి బెడ్రూము కిటికీకి ఎదురుగా. రెండో వాయిదా అందాక ఆర్కిటెక్ట్ ఫోనెత్తడం తగ్గించి జూనియర్ని పంపడం మొదలుపెట్టాడు, ఆ అమ్మాయి మంచిదే గానీ ఏది అడిగినా "సార్‌ని అడిగి చెప్తానండీ" అంటుంది. 3డీ బొమ్మలకి వేరే బిల్లు అని కూడా బిల్లు వచ్చాకే తెలిసింది.

పాత ఇల్లు, పైన ఫైళ్ల బరువు పడే ఆఫీసులు అయితే వీళ్లలాగా ముందు సుత్తి పట్టుకునేవాళ్లనే వెతుక్కోండి. అగ్రిమెంటులో 3డీ సంగతి రాయించుకోండి, ఎలక్ట్రికల్ డ్రాయింగ్ చేతికొచ్చేదాకా ఆఖరి వాయిదా మాత్రం ఇవ్వకండి.