జాగ్రత్త: కొత్త రంగులేసిన పాత ఇల్లు, దానితో పాటు ఇచ్చే ఇండెమ్నిటీ పాలసీ

ఇంగ్లండ్‌లో చిన్న పిల్లలతో ఇల్లు మారాలని వారం వారం వ్యూయింగ్‌లకి తిరుగుతున్న మనవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. విక్టోరియన్ టెర్రస్ (విక్టోరియా రాణి కాలంలో వరసగా అతికించి కట్టిన ఇళ్ళలో ఒకటి) తీసుకోవాలా, ఎడ్వర్డియన్ ఇల్లా (ఆ తర్వాతి కొన్నేళ్ళది), 1930ల నాటి సెమీనా (ఒక పక్క మాత్రమే ఇంకో ఇంటికి ఆనుకున్నది) అని తల పట్టుకున్నవాళ్ళు దయచేసి ఓపిగ్గా చదవండి. ఇల్లు ఎన్నేళ్ళ పాతదో చూసి భయపడక్కర్లేదు. ఈమధ్య కాలంలో ఆ ఇంట్లో పర్మిషన్ లేకుండా ఎవరు ఏం పగలగొట్టారో, ఏం కప్పేశారో తెలుసుకోండి. అది తేలకుండానే "ఇండెమ్నిటీ పాలసీ ఇస్తాం, సంతకం పెట్టేయండి" అంటే మాత్రం అక్కడే ఆగిపోండి. ఆ పాలసీ అంటే, పర్మిషన్ కాగితాలు లేని పనికి అమ్మేవాళ్ళు ఇప్పించే ఒకరకం బీమా.

మేం రెడింగ్‌లో చూశాం. మా చేతిలో మూడు ఇళ్ళు మిగిలాయి. టైల్‌హర్స్ట్‌లో 1930ల సెమీ, గుండ్రటి బే విండో, వెనకాల పెద్ద గార్డెన్, వంటగది మాత్రం ఏనాటిదో. క్యావర్‌షమ్‌లో ఎడ్వర్డియన్ ఇల్లు, వెడల్పాటి హాలు, ఎత్తైన సీలింగ్, మా బడ్జెట్‌కి అంచు మీద ఉంది. మూడోది ఊరి తూర్పు వైపు 1890ల విక్టోరియన్ టెర్రస్. రెడింగ్ తెలిసినవాళ్ళకి ఆ వీధులు గుర్తుండే ఉంటాయి, ఎర్ర ఇటుకల మధ్య వేరే రంగు ఇటుకలతో గళ్ళు గళ్ళుగా కట్టిన వరసలు. లోపలంతా కొత్తగా చేశారు. గోడలకి లేత బూడిద రంగు, కింద వినైల్ ఫ్లోరింగ్, కిచెన్‌నీ వెనక గదినీ కలిపేసి పెద్ద హాలు. బేబీ పాకడానికి ఇంత చోటుందని మా ఆయన, స్టేషన్ దగ్గరని నేను, గుమ్మం తూర్పు ముఖమని ఫోన్‌లో మా అత్తయ్యగారు, అందరికీ అదే నచ్చింది.

మేం సర్వే చేయించాం. సర్వేయర్ ఒక మాట రాశాడు: పైకప్పు మీద చిమ్నీ ఉంది, మేడ మీద బెడ్‌రూమ్‌లో చిమ్నీ బ్రెస్ట్ (పొగగొట్టం చుట్టూ గదిలోకి ముందుకొచ్చిన ఇటుక కట్టడం) ఉంది, కింద కిచెన్‌లో మాత్రం లేదు. పైన ఉన్న బరువుకి ఆధారం ఏమిటో కనిపించడం లేదు, బిల్డింగ్ రెగ్యులేషన్స్ కాగితాలు (పని కట్టడం రూల్స్ ప్రకారమే జరిగిందని చూపేవి) అడగండి అని. మా సొలిసిటర్ (కొనుగోలు కాగితాలు చూసే లాయర్) అడిగింది. అమ్మేవాళ్ళ నుంచి వచ్చిన జవాబు: "మేం కొనేటప్పటికే అలాగే ఉంది, మా దగ్గర కాగితాలు లేవు, ఇండెమ్నిటీ పాలసీకి డబ్బు మేమే కడతాం." దాంతో పాటే ఒక హెచ్చరిక కూడా: మీరు కౌన్సిల్‌కి (ఊరి మున్సిపాలిటీకి) ఫోన్ చెయ్యొద్దు, చేస్తే పాలసీ చెల్లదు. అదే వారం ఏజెంట్ నుంచి రోజూ ఫోన్లు. ఇంకో కొనుగోలుదారు రెడీగా ఉన్నారు, శుక్రవారంలోగా ఎక్స్ఛేంజ్ (ఇద్దరూ వెనక్కి తగ్గలేని ఒప్పందం) కాకపోతే ఇల్లు మళ్ళీ మార్కెట్లో పెడతారు అని.

ఇక్కడ కాస్త ఆగి ఈ పాలసీ గురించి చెప్పాలి. సాధారణంగా దీనికి ఒకేసారి ఒక చిన్న మొత్తం కడతారు. ఎప్పుడో కాగితం లేకుండా పని చేశారని కౌన్సిల్ చర్య తీసుకుంటే, దానివల్ల వచ్చే నష్టానికి ఇది డబ్బిస్తుంది. అంతే. ఆ పని సరిగ్గా చేశారా, కట్టడం నిలుస్తుందా అన్నది ఈ పాలసీకి సంబంధం లేని విషయం. గోడ పగుళ్ళిచ్చినా, ఇటుకలు జారినా, ఇంజనీర్‌ని పిలిచి ఇనుప బీమ్ వేయించాల్సి వచ్చినా ఖర్చు మనదే. కౌన్సిల్‌ని కదిపితే పాలసీ చెల్లదు కాబట్టి, కొనకముందు నిజం తెలుసుకునే దారి కూడా మూసుకుపోతుంది. పోయిన పాత సర్టిఫికెట్‌కో, ఎప్పటిదో కిటికీల కాగితానికో ఇది పనికొస్తుందేమో. నెత్తి మీద ఇటుకల బరువు వేలాడుతున్నచోట మాత్రం దీన్ని నమ్మి పిల్లల్ని పడుకోబెట్టొద్దు.

మేం మాత్రం ఆ ఒత్తిడికి లొంగి సంతకం పెట్టేసి, ఆ టెర్రస్ ఇల్లే కొన్నాం. దిగాక నవంబర్‌లో మా అమ్మ కాకినాడ నుంచి వచ్చింది. పిల్లల గదిలో మంచం పక్కన గోడ మీద అరచెయ్యి ఆనించి, అలాగే ఉంచి, "ఏమే, ఈ గోడ తడిగా ఉందేంటే? మూసిపెట్టిన ధాన్యం కొట్టులా వాసన వస్తోంది" అంది. మంచం జరిపి చూస్తే స్కర్టింగ్ (గోడ అడుగున ఉండే చెక్క పట్టీ) పైన నల్లటి చుక్కలు చుక్కలుగా బూజు. తుడిచినా వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది. బిల్డర్‌ని పిలిచి అక్కడ ఒక పలక కోయించాం. పాత గోడకి ముందు సన్నటి చెక్క బద్దలు కొట్టి, వాటి మీద ప్లాస్టర్‌బోర్డ్ బిగించి, దాని మీద రంగేశారు. వెనక అసలు గోడ మీద ఉప్పు తెల్లగా పూసి, సున్నం పెళ్ళలు పెళ్ళలుగా రాలి ఉంది. బద్దలు వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయాయి.

ఎందుకలా అయిందో ఇంజనీర్ చెప్పాక అర్థమైంది, మీరూ తెలుసుకోవాలి. విక్టోరియన్ ఇళ్ళలో చాలావాటికి గోడ ఒకటే, తొమ్మిది అంగుళాల ఇటుక, మధ్యలో ఖాళీ ఉండదు. సున్నంతో కట్టారు కాబట్టి తడి లోపలికి వచ్చినా మళ్ళీ బయటికి ఆరిపోతుంది. ఆ గోడకి బయట సిమెంట్ పూసి, లోపల జిప్సమ్ ప్లాస్టర్ పూస్తే తడి ఆరే దారి పోతుంది. దానికి తోడు మా ఇంటి వెనక కొత్తగా పరిచిన పేవింగ్. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ కింద చెక్క ఫ్లోర్‌కి గాలి ఆడటానికి గోడ అడుగున ఎయిర్ బ్రిక్స్ అని చిల్లుల ఇటుకలు ఉంటాయి. పేవింగ్ ఎత్తు పెంచి వాటిని పూడ్చేశారు. బయట నేల, గోడలోని డ్యాంప్ కోర్స్ (నేల తడి పైకి ఎక్కకుండా వేసే పొర) కంటే కనీసం 150 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. మాది దాని పైకి వచ్చేసింది. మన వంటలో ఆవిరి ఎక్కువ, చలికాలంలో బట్టలు లోపలే ఆరేస్తాం, అది నిజమే. గాలి ఆడే ఇంట్లో అది సమస్య కాదు, దారులన్నీ పూడ్చిన ఇంట్లో ఆ ఆవిరంతా గోడలకే పడుతుంది.

బూజుని చిన్న విషయంగా తీసుకోవద్దు. రోచ్‌డేల్‌లో 2020లో రెండేళ్ళ బాబు చనిపోతే, ఫ్లాట్‌లోని బూజుని ఎక్కువ కాలం పీల్చడమే కారణమని 2022లో కరోనర్ తేల్చారు. మా చిన్నదానికి ఆ చలికాలమంతా దగ్గు. గది మార్చాక తగ్గింది.

ఇక చిమ్నీ. ఇంజనీర్ సీలింగ్ తెరిపించి చూస్తే, మేడ మీది ఇటుకల బరువంతా ఫ్లోర్ జాయిస్ట్‌ల (నేలని మోసే చెక్క దూలాల) మధ్య ఇరికించిన రెండు చెక్క ముక్కల మీద ఉంది. ఆ రాత్రి నుంచి ఆ గదిలో ఎవరినీ పడుకోనివ్వలేదు. ఇనుప బీమ్ వేయించాం. కౌన్సిల్ బిల్డింగ్ కంట్రోల్ వచ్చి చూసి సర్టిఫికెట్ ఇచ్చింది. పక్కింటివాళ్ళతో ఉమ్మడి గోడ కాబట్టి 1996 పార్టీ వాల్ చట్టం ప్రకారం వాళ్ళకి ముందుగా నోటీసు కూడా ఇవ్వాల్సి వచ్చింది. అప్పుడే పక్కింటి పెద్దావిడ అంది, "ఆ పొయ్యి తీసేసింది మీకు అమ్మినవాళ్ళే కదా, దుమ్మంతా మా ఇంట్లోకి వచ్చింది" అని. వెతికితే ఆ ఇంటి పాత అమ్మకం ఫోటోలు నెట్‌లో ఇంకా ఉన్నాయి. కిచెన్‌లో చిమ్నీ బ్రెస్ట్, దాని మీద గడియారం, శుభ్రంగా కనిపిస్తున్నాయి. "మేం కొనేటప్పటికే అలాగే ఉంది" అన్న మాట అబద్ధం.

అందుకే ఏ పాత ఇల్లు నచ్చినా ఆఫర్ పెట్టేముందు దాని అడ్రస్ కొట్టి పాత ఫోటోలు వెతకండి. ల్యాండ్ రిజిస్ట్రీ అమ్మకం ధరలు ఉచితంగానే చూడొచ్చు. ఏడాది, రెండేళ్ళ కిందే తక్కువకి కొని, లోపల మెరుగులు దిద్ది ఇప్పుడు అమ్ముతున్నారంటే ప్రతి కొత్త గోడ వెనకా ఏముందని అడగండి. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఆ అడ్రస్ మీద ప్లానింగ్ అప్లికేషన్లు కనిపిస్తాయి. అలాంటి ఇంటికి సర్వే లెవెల్ 2తో (మామూలు సర్వే) సరిపెట్టకండి, లెవెల్ 3 (కట్టడాన్ని లోతుగా చూసేది) చేయించండి. బ్యాంకు చేసే వాల్యుయేషన్ వాళ్ళ అప్పు భద్రత కోసం, మన కోసం కాదు. డ్యాంప్ గురించి అనుమానం ఉంటే ఏజెంట్ పంపే "ఫ్రీ డ్యాంప్ సర్వే" ఒప్పుకోవద్దు. వాళ్ళు గోడకి మీటర్ ఆనించి, గోడలోకి మందు ఎక్కించే ఇంజెక్షన్ ట్రీట్‌మెంట్ అమ్మడానికి వస్తారు. ఆ మీటర్లు చెక్క కోసం చేసినవి, ప్లాస్టర్ మీద చూపే అంకెని తేమ శాతం అనుకోకూడదు. ఏ ట్రీట్‌మెంటూ అమ్మని ఇండిపెండెంట్ సర్వేయర్‌కి ఫీజు కట్టండి.

పిల్లలున్న ఇంటికి నేను భయపడే ఇంకో విషయం సీసం. 1960ల దాకా ఇక్కడ ఇళ్ళ రంగుల్లో సీసం వాడేవాళ్ళు, అందుకని పాత తలుపులు, కిటికీలు, మెట్ల రెయిలింగ్ మీద పైపొర కొత్తదైనా కింద పొరల్లో అది ఉండొచ్చు. కదపకుండా ఉంటే పెద్ద ప్రమాదం లేదు. గీకితే, శాండ్‌పేపర్ వేస్తే వచ్చే దుమ్ము నేల మీద పాకే పిల్లల చేతులకి అంటి నోట్లోకి పోతుంది. పని మొదలుపెట్టేముందే టెస్ట్ చేయించండి, పని జరుగుతున్నప్పుడు పిల్లల్ని ఆ ఇంట్లో ఉంచొద్దు. 1970కి ముందు కట్టిన ఇళ్ళలో మంచినీళ్ళ పైపు కూడా సీసందే కావచ్చు. వంటగది సింకు కింద పైపు మెత్తగా, బూడిద రంగులో ఉండి, నాణెంతో గీకితే వెండిలా మెరిస్తే అది సీసమే. వాటర్ కంపెనీని అడిగితే చాలాచోట్ల నీళ్ళ శాంపిల్ ఉచితంగా టెస్ట్ చేస్తారు. ఆస్బెస్టాస్‌ని 1999లో పూర్తిగా నిషేధించారు, అంతకుముందు వేసిన, అది కలిసి ఉండొచ్చనిపించే ఆర్టెక్స్ (గరుకు డిజైన్ల పూత) సీలింగ్‌ని టెస్ట్ చేయించకుండా గీకొద్దు, డ్రిల్ చెయ్యొద్దు. పాత మెట్ల రెయిలింగ్ కమ్మీల మధ్య సందు 100 మిల్లీమీటర్లు దాటితే పిల్లల తల దూరుతుంది, ఇప్పటి రూల్స్ ఒప్పుకునే హద్దు అదే. వ్యూయింగ్‌కి వెళ్ళేటప్పుడు టేపు పట్టుకెళ్ళండి.

రెడింగ్‌లో కొనేవాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. ఈ ఊళ్ళో కొన్నిచోట్ల భూమి కింద పాత చాక్ (సుద్ద) గనులున్నాయి. 2000 జనవరిలో కోలీలో ఫీల్డ్ రోడ్ దగ్గర నేల కుంగి ఇళ్ళు దెబ్బతిన్నాయి. లోయర్ క్యావర్‌షమ్ థేమ్స్ పక్కనే ఉంది, ప్రభుత్వం ఫ్లడ్ మ్యాప్‌లో పోస్ట్‌కోడ్ కొట్టి చూడటం రెండు నిమిషాల పని. స్కూల్ ఏరియా విషయంలో ఏజెంట్ మాట అసలు నమ్మొద్దు. పోయినేడాది ఎంత దూరం దాకా సీట్లిచ్చారో కౌన్సిల్ చెబుతుంది. రిసెప్షన్ (స్కూల్లో మొదటి క్లాసు) అప్లికేషన్‌కి ఆఖరు తేదీ జనవరి 15, ఇల్లు మారే తేదీ దానికి అటా ఇటా అన్నది ముందే చూసుకోండి.

వాస్తు గురించి కూడా చెప్తాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. తూర్పు గుమ్మం కావాలని పెద్దవాళ్ళు అడగడం వాళ్ళ ప్రేమ, నాకూ దాని మీద గౌరవం ఉంది. తూర్పు ముఖం ఇల్లే చూడండి, కానీ మిగతా పరీక్షలన్నీ దానికీ చేయించండి.

చిన్న పిల్లలతో ఎవరైనా ఇప్పుడు సలహా అడిగితే, ముట్టుకోని ఇల్లు తీసుకోమంటాను. పాత కిచెన్, వెలిసిన వాల్‌పేపర్, ఎక్కడ పెచ్చు లేచిందో అక్కడ కనిపించే ఇల్లు. 1930ల సెమీల్లో చాలావాటికి గోడ మధ్యలో ఖాళీ ఉంటుంది, చెమ్మ అంత తేలిగ్గా లోపలికి రాదు, మెట్లు కూడా విక్టోరియన్ టెర్రస్‌ల మెట్లంత నిటారుగా ఉండవు. విక్టోరియన్ ఇల్లే ఇష్టమైతే అదీ మంచిదే, చిమ్నీలు కదపకుండా, ఎయిర్ బ్రిక్స్ తెరిచి ఉన్నది దొరికితే ఇంకా వందేళ్ళు ఉంటుంది. లిస్టెడ్ బిల్డింగ్ (చారిత్రక కట్టడంగా రక్షణ జాబితాలో ఉన్నది) అయితే మాత్రం కన్సెంట్ (కౌన్సిల్ అనుమతి) లేకుండా పాత ఓనర్ చేసిన పనిని కూడా మిమ్మల్నే సరిచెయ్యమని కౌన్సిల్ అడగొచ్చు, దానికి కాలపరిమితి లేదు.

ఇప్పటికే కొనేసి ఇలాంటి గొడవలో ఇరుక్కున్నవాళ్ళుంటే, టీఏ6 ఫారంలోనూ (ఇంటి గురించి అమ్మేవాళ్ళు నింపి ఇచ్చే ఫారం) సొలిసిటర్ ప్రశ్నలకీ అమ్మినవాళ్ళు రాసిచ్చిన జవాబులే మీ సాక్ష్యం. అవి అబద్ధమని చూపగలిగితే మిస్‌రెప్రజెంటేషన్ కింద దావా వేయొచ్చు, సాధారణంగా ఆరేళ్ళ గడువుంటుంది. మేం ఆ దారిలోనే ఉన్నాం, లాయర్ నోటీసు వెళ్ళింది. ఏజెంట్ మీద అయితే ముందు ఆ ఆఫీసుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, ఎనిమిది వారాల్లో తేల్చకపోతే ఆంబుడ్స్‌మన్‌కి వెళ్ళొచ్చు. పాత ఫోటోల లింకులు ఎప్పుడైనా మాయమైపోతాయి, ఈరోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, సొలిసిటర్ దగ్గర టీఏ6 కాపీ అడిగి తెచ్చుకోండి.