మూత తీయాలా, దుమ్ము దులపాలా, నీటి కూలర్ కొనాలా? కంప్యూటర్ వేడికి ఏది మేలు

ఆట మొదలుపెట్టిన పది నిమిషాలకు ఫ్యాను హోరెత్తుతుంది, తెరమీద బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. అప్పుడు చాలామంది చేసే మొదటి పని క్యాబినెట్ పక్క మూత ఊడదీసి గోడకు ఆనించడం. అదీ పనిచేయకపోతే కొత్త కూలర్, అంటే ప్రాసెసర్ మీద బిగించి దాని వేడిని లాగేసే పరికరం, కోసం వెతకడం. మూత తీయడాన్ని నేను తప్పుపట్టను గానీ, దాన్ని వైద్యంగా కాక పరీక్షగా వాడుకోమంటాను.

పరీక్షకు ముందు అంకె తెలియాలి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రాములు ప్రాసెసర్ ఉష్ణోగ్రతను చూపిస్తాయి. ఖాళీగా ఉన్నప్పుడు 35 నుంచి 50 డిగ్రీలు, పని పడ్డప్పుడు 70, 80 ఉంటే కంగారు అక్కర్లేదు. చాలా ప్రాసెసర్లు 95, 100 డిగ్రీల దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. బొమ్మ ఆగి ఆగి కదలడానికి తరచూ కారణం ఇదే. అన్నిటికీ ఒకే కొలబద్ద పనికిరాదు. ఏఎండీ కంపెనీ రైజెన్ 7000 వరుసలోని డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని బరువైన పనిలో 95 డిగ్రీల దాకా వెళ్లేలానే తయారయ్యాయి. గది వేడినీ లెక్కలోకి తీసుకోవాలి. గది 5 డిగ్రీలు వేడెక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు అంతే పెరుగుతుంది. గాలి కూలరైనా నీటి కూలరైనా గది కన్నా చల్లగా చేయలేదు.

ఇప్పుడు మూత తీసి, అదే ఆటను అంతే సేపు ఆడి చూడండి. వేడి ఏడెనిమిది డిగ్రీలు తగ్గితే లోపం క్యాబినెట్‌లో గాలి ఆడకపోవడమే. ఏమీ తగ్గకపోతే లోపం కూలర్‌లోనో, దాని కింద పూసే థర్మల్ పేస్ట్‌లోనో ఉంది. మరో గుర్తు ఉంది. పని మొదలైన రెండు మూడు సెకన్లలోనే అంకె 95కు ఎగబాకితే ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య అతుకు సరిగా లేదని అనుమానించాలి. పావుగంటలో మెల్లగా పెరిగితే వేడిగాలి బయటికి పోవడం లేదన్నమాట. ఫలితం తెలిశాక మూత మళ్లీ బిగించేయండి. తెరిచి ఉంచితే ముందు ఫ్యాన్ల గాలి అందాల్సిన చోటికి అందకుండా పక్కకు పోతుంది, దుమ్ము మాత్రం నేరుగా వచ్చి కూర్చుంటుంది.

వీటన్నిటిలో నా ఓటు దుమ్ము దులపడానికే. అయిదేళ్లు వాడిన నా పాత ల్యాప్‌టాప్ అడుగు విప్పినప్పుడు ఫ్యాను రెక్కలు శుభ్రంగానే కనిపించాయి. ఫ్యాను పైకెత్తితే అసలు సంగతి బయటపడింది. ఫ్యానుకూ రాగి రేకులకూ మధ్య బూడిదరంగు దుమ్ము ఉన్నిగుడ్డలా పేరుకుని ఉంది. పట్టుకారుతో లాగితే చింపిన గుడ్డముక్కలా ఒకే పొరగా ఊడి వచ్చింది. అటువంటి తెర అడ్డం ఉన్నంత కాలం ఫ్యాను ఎంత వేగంగా తిరిగినా శబ్దమే తప్ప గాలి బయటికి రాదు. బయటినుంచి రంధ్రాల్లోకి గాలి ఊదితే ఆ పొర కదలకపోవచ్చు, ఒక్కోసారి ఇంకా లోపలికి కూరుకుపోతుంది. ఒత్తిడితో గాలి నింపిన డబ్బాతో ఊదేటప్పుడు ఫ్యాను తిరగకుండా వేలితో ఆపి ఉంచాలి, డబ్బాను నిలువుగానే పట్టుకోవాలి. వంచితే గాలికి బదులు ద్రవం చిమ్ముతుంది.

దుమ్ము తీసినా అంకె దిగకపోతే థర్మల్ పేస్ట్ వంతు. ప్రాసెసర్, కూలర్ ఉపరితలాలు చూపుకు నున్నగా ఉన్నా వాటి మధ్య కంటికి కనపడని గాలి ఖాళీలు ఉంటాయి. గాలికి వేడిని మోసే శక్తి చాలా తక్కువ, అందుకే ఆ ఖాళీలను పేస్ట్‌తో నింపుతారు. ఏళ్లు గడిచేకొద్దీ అది ఎండిపోతుంది, అంచులకు జారుతుంది. పాతది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచి, నడుమ బఠాణీ గింజంత చుక్క పెడితే మామూలు ప్రాసెసర్‌కు సరిపోతుంది. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లదనం వస్తుందనుకోవడం పొరపాటు.

క్యాబినెట్‌లో గాలి ఆడని వాళ్లకు అదనపు ఫ్యాను మేలు. ముందు ఒకటి లోపలికి, వెనక ఒకటి బయటికి ఉంటే చాలావరకు పని జరుగుతుంది. జాగా ఉంటే 120 మిల్లీమీటర్ల దానికన్నా 140ది తీసుకోండి, తక్కువ వేగంతో అంతే గాలి ఇస్తుంది, గోల తక్కువ.

నీటి కూలర్ వేడిని మాయం చేయదు. ప్రాసెసర్ దగ్గర నుంచి రేడియేటర్ (ఫ్యాన్లు బిగించిన రేకుల పలక) దాకా నీటితో మోసి, అక్కడ మళ్లీ గాలికే అప్పగిస్తుంది. 200 వాట్లు దాటే ప్రాసెసర్‌ను గంటల తరబడి పరుగెత్తించేవారికి పెద్ద రేడియేటర్ అవసరమే. మిగతావారికి మంచి గాలి కూలర్ చాలు. అందులో పాడయ్యేది ఫ్యాను ఒక్కటే, అది ఆగితే మార్చుకోవచ్చు. నీటి కూలర్‌లో పంపు ఆగిందంటే మొత్తం సరంజామా మూలకే. పైగా గ్రాఫిక్స్ కార్డే మండిపోతుంటే ప్రాసెసర్‌కు నీళ్లు తిప్పి ఏం లాభం?

వేడిని బయటికి తోయడం కన్నా పుట్టకుండా చూడడం తేలిక. ఈ దారిని ఎందుకో తక్కువమంది పట్టించుకుంటారు. ప్రాసెసర్ తినే విద్యుత్తు దాదాపుగా వోల్టేజి వర్గాన్ని (వోల్టేజిని దానితోనే గుణిస్తే వచ్చే అంకెను) బట్టి మారుతుంది. వోల్టేజి 10 శాతం తగ్గిస్తే, అదే వేగంలో, విద్యుత్తు 19 శాతం దాకా తగ్గుతుంది. అంత లోతుకు దిగలేనివారు విండోస్ పవర్ సెట్టింగ్‌లలో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 99 శాతానికి దించితే చాలు. చాలా యంత్రాల్లో టర్బో, అంటే ప్రాసెసర్ మామూలు కన్నా వేగం పెంచుకునే ఏర్పాటు, ఆగిపోతుంది, వేడి గణనీయంగా దిగుతుంది. వీడియో ఎడిటింగ్ చేసేవారికి ఈ నెమ్మది తెలుస్తుంది గానీ, ఉత్తరాలు రాసుకునేవారికి తెలియదు. ఆటలాడేవారికి ఇంకో మాట. సెకనుకు 60 ఫ్రేములు (బొమ్మలు) మాత్రమే చూపగల తెరకు 150 ఫ్రేములు తయారుచేయడం వట్టి వేడి. ఆట సెట్టింగ్‌లలో 60కి కట్టేయండి.

ల్యాప్‌టాప్‌కు కూలింగ్ ప్యాడ్ కొనాలా అంటే, ముందు దాన్ని తిరగేసి చూడండి. గాలి పీల్చే రంధ్రాలు అడుగున లేకపోతే ప్యాడ్‌తో పెద్దగా ఒరిగేది లేదు. ఉన్నా, వెనక అంచు కింద రెండు చిన్న దిమ్మలు పెట్టి ఎత్తితే ఆ లాభంలో ఎక్కువ భాగం దక్కుతుంది. పరుపు మీద మాత్రం వద్దు. తిరగేసినప్పుడు అడుగు రేకు ఉబ్బినట్టు కనిపించినా, టచ్‌ప్యాడ్ పైకి లేచినా అది దుమ్ము సంగతి కాదు, బ్యాటరీ ఉబ్బింది. అప్పుడు ఛార్జర్ తీసేసి, యంత్రాన్ని ఆపేసి, మీరు విప్పకుండా మరమ్మతు చేసేవారికి ఇవ్వండి.