గ్రాఫైట్ కేబుల్ గ్రీజు: ఊగే మీటరు ముల్లుకు ఎంతవరకు మందు?

స్పీడోమీటర్ కేబుల్ కోసమే చిన్న ట్యూబులో అమ్మే నల్లటి గ్రాఫైట్ గ్రీజు గురించి ఇది. పాత కారైనా, స్కూటరైనా, బైకైనా, కేబుల్ పొడిబారి ఉంటే దీన్ని మించింది లేదు. అలాగని ఊగే ప్రతి ముల్లుకూ ఇదే మందనుకుంటే పొరపాటు. ముందు జబ్బు ఎక్కడుందో తేల్చుకోవాలి.

తక్కువ స్పీడులో ముల్లు టకటకా కొట్టుకుని, స్పీడు పెరిగాక కుదురుకుంటోందంటే లోపలి వైరు ఔటర్‌లో (పైనుండే గొట్టం లాంటి తొడుగులో) పట్టేస్తున్నట్టే. కింద గేరు తిప్పుతూనే ఉంటుంది, పైన వైరు ఆగుతుంది, మెలితిరిగి బిగుసుకుని ఒక్కసారిగా వదులుతుంది. ఆ విసురుకే ముల్లు ఎగిరిపడేది. చలి ఉదయాల్లో కీచుమనే చప్పుడు కూడా దీనిదే కావచ్చు. కానీ మీటరు లోపలి బుష్ (ఇరుసు తిరిగే చిన్న తొడుగు) ఎండినా అచ్చం అలాగే అరుస్తుంది. మీటరు వెనక నట్టు విప్పి, కేబుల్ ఊడదీసి, పాత వైరు ముక్కను మీటరు రంధ్రంలో పెట్టి వేళ్లతో తిప్పి చూడండి. అక్కడే బిరుసుగా తగిలితే ఈ ట్యూబుతో పనిలేదు.

లోపలి వైరు చాలా బండ్లలో పైనుంచి లాగితే వచ్చేస్తుంది. కొన్నిటికి కింది నట్టు కూడా విప్పాలి. కిరోసిన్ గుడ్డతో పాత జిడ్డంతా తుడిచి, రెండు చివరలూ పట్టుకుని మధ్యలో వేలాడనిచ్చి, ఒక చివరను మెల్లగా తిప్పండి. రెండో చివర కూడా అంతే సాఫీగా తిరగాలి. ఆగి ఆగి గభాల్న దూకితే వైరు వంకరపోయింది. ఒక్క పోగు లేచినా అంతే, అది ఔటర్‌ను లోపలినుంచి గీకేస్తుంది. వీటికి కొత్త కేబులే గతి. గ్రీజు పూస్తే చప్పుడు తగ్గుతుందేమో గానీ ఊగులాట పోదు. ఔటర్‌లోనూ కిరోసిన్ పోసి, వేలాడదీసి, పూర్తిగా ఆరనివ్వాలి.

ఇక పూత. 100 సెం.మీ. పొడవు కేబుల్‌కి బఠాణీ గింజంత గ్రీజు చాలు, వేళ్లతో పల్చగా పట్టించాలి. పైన మీటరు వైపు 15 సెం.మీ. మాత్రం పొడిగా వదిలేయండి. తిరిగే వైరు చుట్లు గ్రీజును మరలాగా పైకి ఎక్కిస్తాయి. మీటరులో వైరు తిప్పే అయస్కాంతానికీ ముల్లును కదిపే అల్యూమినియం కప్పుకీ మధ్య ఉండేది సన్నటి ఖాళీ. అందులో గ్రీజు చేరితే కప్పు అయస్కాంతంతో పాటు ఈడ్చుకుపోయి, ముల్లు ఉన్నదానికన్నా ఎక్కువ స్పీడు చూపిస్తుంది. ఎక్కువ పూసి మీటరు పాడుచేసుకోవడం కన్నా పూయకపోవడమే నయం.

తుప్పు వదిలించే స్ప్రేతో దీన్ని పోల్చనే కూడదు. అది ఉన్న కాస్త గ్రీజునూ కరిగించి తానూ ఆవిరైపోతుంది. కొన్నాళ్లకే చప్పుడు మళ్లీ మొదలు. ఇంజిన్ ఆయిల్ కారిపోతుంది. మామూలు చిక్కటి గ్రీజు చలికి గట్టిపడుతుంది. గ్రాఫైట్ పొడి శుభ్రమే గానీ, ముందు చక్రం నుంచి కేబుల్ వచ్చే బండ్లలో వాననీటికి నిలవదు.

బిగించేటప్పుడు వైరు నాలుగు పలకల చివర గేరులో కూర్చునేదాకా చక్రాన్ని మెల్లగా తిప్పాలి. కూర్చోకముందే నట్టుతో నొక్కితే చివర వంగుతుంది. నట్టుకు చేతి బిగువు చాలు, పట్టకారు వద్దు. మీటరు వెనక వెంటనే కేబుల్ వంపు తిరగకూడదు. దారిలో ఎక్కడా మలుపు ఇరుకుగా ఉండకుండా, ఔటర్ నొక్కుకుపోయేలా కేబుల్ టైలు (ప్లాస్టిక్ పట్టీలు) బిగించకుండా చూసుకోవాలి.

గేర్‌బాక్సు నుంచి కేబుల్ వచ్చే కార్లలో, బయటికి తీసిన వైరు పల్చటి ఆయిల్‌తో తడిసి ఉంటే మాత్రం ట్యూబు మూత తీయకండి. డ్రైవ్ గేరు దగ్గర ఆయిల్ సీలు పోయింది, ముందు అది మార్చాలి.