గుంటూరు నుంచి బెజవాడకు: ఒక పోటీ, ఒక సినిమా, రెండు బసలు

మా అక్క కొడుకు పన్నెండేళ్లవాడు, మూడేళ్లుగా గుంటూరులో కరాటే నేర్చుకుంటున్నాడు. 2025 మే చివర్లో వాడికి విజయవాడలో కటా (నిర్ణీత భంగిమలను వరుసగా ఒంటరిగా చేసి చూపే కరాటే ప్రదర్శన) పోటీ పడింది. పోటీ శనివారం ఉదయం ముగుస్తుంది కనుక, ముందురోజే విడుదలైన ‘కరాటే కిడ్: లెజెండ్స్’ను సాయంత్రం చూసి, రాత్రి అక్కడే ఉండి ఆదివారం తిరిగి వద్దామని బయలుదేరాము. నాన్‌స్టాప్ బస్సులో వారధి దాటి పండిట్ నెహ్రూ బస్టాండులో దిగడానికి గంట పట్టింది. పిల్లలతో వెళ్లేవారికి ఇంతకన్నా తేలికైన దారి లేదు.

బస దగ్గర మాత్రం నేను పొరపాటు చేశాను. బస్టాండుకు దగ్గరని శుక్రవారం రాత్రికి ముందుగా డబ్బు కట్టిన లాడ్జిలో మాకు ఇచ్చిన గది జనరేటరుకు ఆనుకొని ఉంది. గది మార్చమని రెండుసార్లు అడిగినా ఫలితం లేకపోయింది, పోటీకి ముందు రాత్రి పిల్లవాడు సరిగా నిద్రపోలేదు. మర్నాడు మొదటి రౌండులోనే ఓడిపోయాడు. నిద్రలేమి ఒక్కటే కారణమని అనలేను. ఒక్కొక్క భంగిమలో నిలవవలసినంత సేపు నిలవకుండా తొందరపడ్డాడని వాళ్ల మాస్టారు మెల్లగా చెప్పారు.

మధ్యాహ్నం గాంధీనగర్‌లో మరో బసకు మారాము. గది చిన్నదే అయినా శుభ్రంగా ఉంది, పైగా తెల్లవారుజామున డాబా మీద సాధన చేసుకోవడానికి మేనేజరు సంతోషంగా ఒప్పుకున్నారు. దగ్గరలోని బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ తిన్నాకే వాడి ముఖంలో కాస్త కళ వచ్చింది.

సినిమా బందరు రోడ్డులోని ఒక మల్టీప్లెక్సులో చూశాము. తెర, శబ్దం, కుర్చీలు, అన్నీ బాగున్నాయి, ఆ ఎండల్లో చల్లదనం మరీ బాగుంది. తినుబండారాల ధరలు మాత్రం టిక్కెట్టును మించాయి. బీజింగ్ నుంచి న్యూయార్క్ చేరిన లీ ఫాంగ్ అనే కుర్రవాడికి జాకీ చాన్, రాల్ఫ్ మాకియో ఇద్దరూ గురువులు. అయితే నాకు ఎక్కువగా నచ్చింది వాళ్ల పాఠాలు కాదు. సినిమా మొదటి సగంలో ఆ కుర్రవాడే, ఒకప్పటి బాక్సరైన పిజ్జా దుకాణం యజమానికి యుద్ధవిద్య నేర్పుతాడు; పెద్దవాడు చిన్నవాడి ముందు శిష్యుడిగా నిలబడే ఆ ఘట్టాలలో నిజమైన ఆప్యాయత ఉంది. ఆ తర్వాత అసలు శిక్షణ గబగబా సాగిపోతుంది. గంటన్నర సినిమాలో ఇద్దరు గురువులకు చోటు చాలలేదు.

ఆ రాత్రి గదిలో వాడికి ఇదే వరుసలో 2010లో వచ్చిన ‘ది కరాటే కిడ్’ను ట్యాబులో చూపించాను. అందులో జాకీ చాన్ శిష్యుడి చేత జాకెట్ తొడిగించి, విప్పించి, కొక్కానికి తగిలించి, మళ్లీ తీయించి, రోజుల తరబడి అదే పని చేయిస్తాడు. ఆ కదలికలే కుంగ్‌ఫూ అని శిష్యుడికి తెలిసేసరికి మనకూ ఒళ్లు పులకరిస్తుంది. 1984 నాటి మొదటి సినిమాలో పాట్ మోరిటా పోషించిన మియాగి కారు తుడిపించి, కంచెకు రంగు వేయించి నేర్పింది కూడా ఇలాగే. ఈ రెండు కథల్లోనూ గురువు భార్యాబిడ్డలను పోగొట్టుకొన్న మనిషి. శిష్యుడు వచ్చాకే ఆయన దుఃఖానికి తోడు దొరుకుతుంది. మోరిటాకు ఆస్కార్ నామినేషన్ తెచ్చిన ఆ పాత్రను ఎన్నిసార్లు చూసినా నా కళ్లు చెమరుస్తాయి. శిక్షణకు తగినంత సమయం ఇచ్చిన ఆ రెండింటినే పిల్లలకు ముందు చూపించాలని నా అభిప్రాయం.

ఆదివారం తెల్లవారి అయిదున్నరకు నేను లేచేసరికి మంచం ఖాళీగా ఉంది. డాబా మీద వాడు ముందురోజు ఓడిన కటానే మొదటి నుంచి చేస్తున్నాడు, ఒక్కొక్క భంగిమలో పెదవులు కదుపుతూ అంకెలు లెక్కపెట్టుకొంటూ నిలబడుతున్నాడు. ఎనిమిది గంటల బస్సు వదిలేసి, తొమ్మిదిన్నర బస్సుకు బయలుదేరాము.