బరంపురంలో పాత సినిమా బొమ్మకు పటం కట్టించిన వైనం

మా నాన్నగారు బరంపురంలోని ఒక సినిమా హాలులో టికెట్ల గుమస్తాగా ఉన్న రోజుల్లో, హాలు ముందు నిలబెట్టడానికి ఊరి చిత్రకారుడు దళసరి కాగితంపై పోస్టరు రంగులతో వేసిన ఒక బొమ్మను ఇంటికి తెచ్చి దాచారు. కథానాయిక ముఖం కింద సినిమా పేరు తెలుగులోనూ, ఆట వేళలు ఒడియాలోనూ ఉన్న ఆ బొమ్మ, 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటిన రాత్రి తడిసి మడతల వెంబడి చిరిగింది. అప్పట్లో ఒక దుకాణంవారు వెనుక సెల్లోటేపు వేసి, లామినేషన్ కూడా చేస్తామన్నారు. దానికి మాత్రం నా మనసొప్పలేదు.

ఈ ఏడాది పెద్ద బజారు వైపు ఉన్న ఒక చిన్న ఫ్రేముల దుకాణానికి ఇచ్చాను. అక్కడివారు పనికి దిగేముందు ప్రతి రంగునూ అంచున తడి దూదితో అద్ది చూశారు. పోస్టరు రంగును పట్టి ఉంచేది జిగురే కనుక నీరు తగిలితే కరుగుతుంది. ఎరుపు దూదికి అంటడంతో ఆ భాగంలో తడి పని మానుకున్నారు. టేపును గోరువెచ్చని గాలితో సడలించి రెండు రోజులు ఓపికగా ఒలిచారు. దాని జిగురు దిగిన పసుపు మరక పోదని ముందే చెప్పారు, పోలేదు. చిరుగుల వెనుక పలుచని జపాను కాగితాన్ని గోధుమ గంజితో అతికించారు. ఆ అతుకు కొద్దిపాటి తేమతో మళ్లీ ఊడివస్తుంది కనుక, ఇంతకన్నా మంచి పద్ధతి తెలిసినవారు రేపు దానిని విప్పి సరిచేయవచ్చు. లామినేషన్ అయితే వేడికి ప్లాస్టిక్ రంగుకే అతుక్కుపోతుంది, దానిని ఒలిస్తే బొమ్మ కూడా ఊడివస్తుంది.

ఇలాంటి బొమ్మలు మిగలడమే అరుదు. గుడ్డ బ్యానర్లపై పాత బొమ్మ మీదే కొత్త బొమ్మ వేసేవారు, గోడ పోస్టర్లపై మరో పోస్టరు అంటించేవారు. తొలిరోజుల్లో బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసిన చిత్రకారుడు ఎం.ఎఫ్. హుసేన్ పేరు అందరికీ తెలుసు. 2002లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం మన సినిమా ప్రచార కళను ప్రదర్శనకు పెట్టింది. మా బొమ్మపై మాత్రం సంతకం లేదు. అందుకే దుకాణంవారు హాలు పేరు, చేసిన మరమ్మతుల వివరాలు రాసిన కవరును పటం వెనుక అమర్చడం నాకు ఎంతో నచ్చింది.

అసంతృప్తి ఒకటుంది. రాలిన కనుబొమ్మ కొసను నన్ను అడగకుండానే కొత్త రంగుతో పూరించారు. చేయి తిరిగిన పనే గాని, ఆ చిత్రకారుడి కుంచె ఎక్కడ ఆగిందో ఇక కనిపించదు. కాగితానికి దగ్గరైన లేత రంగు అద్ది వదిలేస్తే సరిపోయేది.

వెనుక ఆమ్లం లేని అట్ట, రంగుకు తగలకుండా ఎడంగా అద్దం పెట్టారు. సముద్రపు తేమ ఉన్న మా ఊళ్లో అద్దం ఆనితే రంగు దానికి అంటుకుంటుంది. అయిదు వారాలు పట్టింది, ఆరున్నర వేలు అయింది. కిటికీ ఎండ పడని లోపలి గోడకే తగిలించమన్నారు. మీ దగ్గర ఇలాంటివి ఉంటే చుట్టకుండా రెండు అట్టల మధ్య చదునుగా పెట్టి తీసుకువెళ్లండి, పాత టేపును మీరుగా పీకవద్దు, రంగు పూరించవద్దని రసీదుపై రాయించుకోండి.