కరెంటు కారుతో అయిదో ఏడు: పెద్ద బ్యాటరీ మంచిదే, చిన్నదే మొండిది

నల్లగొండలో మా ఇంటి ముందుకు ఈ కారు 2021 దసరాకు వచ్చింది. మీటరు ఇప్పుడు 78,000 దాటింది. అంతకుముందు నడిపినవి రెండు: ఏపీ 24 నంబరుతో పాత మారుతి 800, ఆ తరువాత ఒక డీజిల్ బండి. దీని నంబరు టీఎస్ 05. మొన్న మా మేనకోడలు కొన్న కారుకు టీజీ 05 వచ్చింది. ఒకే ఊళ్లో ఉన్నా నంబరు పలకలు మూడు రకాలయ్యాయి.

కారు ఆపిన ప్రతిచోటా అడిగేది ఒక్కటే: "ఎంత ఇస్తుంది?" మొదట్లో కిలోమీటర్లలో చెప్పేవాణ్ణి. ఇప్పుడు "ఎంత వేగంతో పోతావు?" అని ఎదురు అడుగుతున్నాను. దీనిది సుమారు ముప్పై యూనిట్ల కరెంటు పట్టే బ్యాటరీ. నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా ఎల్బీ నగర్ దాకా తొంభై కిలోమీటర్ల పైచిలుకు. డెబ్బై అయిదు దాటకుండా వెళ్తే నలభై అయిదు శాతం ఖర్చవుతుంది. పంతంగి టోల్ దాటాక రోడ్డు ఖాళీగా ఉందని ముచ్చటపడి వంద మీద పోనిస్తే అరవై శాతం హరీ. వేగం 80 నుంచి 100కు పెరిగితే గాలి ఎదురొత్తిడి ఒకటిన్నర రెట్లు దాటుతుంది మరి. డీజిల్ బండిలోనూ ఇదే జరిగేది కానీ ట్యాంకు పెద్దది కాబట్టి మనకు పట్టేది కాదు. ఏసీ తినేది మాత్రం మనం భయపడినంత ఉండదు. నలభై నాలుగు డిగ్రీల ఎండలోనూ ఏసీ ఆపకుండా హైదరాబాద్ వెళ్లి వచ్చాను. తిరుగు ప్రయాణానికి ముందు నగరంలో కాసేపు చార్జింగ్ పెట్టుకోవాలి, అంతే.

ఆ కాసేపు అన్నదే మే నెలలో సాగుతుంది. హైవే మీద వేడెక్కి వచ్చిన బ్యాటరీ కరెంటును పూర్తి జోరుతో తీసుకోదు. 25 కిలోవాట్లతో మొదలైంది కాస్తా నా కళ్ల ముందే 14కు దిగిన రోజుంది. పైగా చార్జింగ్ కేంద్రానికో యాప్, యాప్‌కో పర్సు. నా సొమ్ము వందా, రెండు వందల చొప్పున అయిదు చోట్ల చిక్కుకుని ఉంది.

నన్ను నిజంగా ఏడిపించినవి కొత్త సాంకేతికతకు చెందినవి కావు. కారు వచ్చిన మొదటి రాత్రి చార్జర్ గోడకు పెడితే ఎర్ర దీపం వెలిగింది. కంపెనీ మనిషికి ఫోను చేస్తే "ఎర్త్ లేదండీ" అన్నాడు. ఇల్లు కట్టి ఇరవై ఏళ్లు. ఫ్రిజ్, గీజర్, మోటారు అన్నీ నడుస్తున్నాయి. ఎర్త్ లేదని ఒక్కటీ నోరు విప్పలేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి పాత గుంత తవ్వితే తీగ తుప్పుపట్టి ఎప్పుడో తెగిపోయి ఉంది. కొత్త గుంత తీసి ఉప్పు, బొగ్గు పొరలు పొరలుగా వేసి నీళ్లు పోశాక కానీ కారు కరెంటు ముట్టలేదు. ఇన్నేళ్లూ గీజరును నమ్ముకుని స్నానం చేశామా అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. వేసవిలో ఆ గుంతలో వారానికో బిందె నీళ్లు పోస్తున్నాను. బత్తాయి చెట్టుకు పోసినట్టే.

మూడో ఏడు హాలియా వైపు మా తోటలో ఇంకో సంగతి జరిగింది. రాత్రి 71 శాతం చూపించిన కారు తెల్లారేసరికి తలుపు కూడా తీయనంది. తాళం చెవి దూర్చి తలుపు తీస్తే లోపల తెర నల్లగా ఉంది. ట్రాక్టర్ నడిపే మా వరస అల్లుడు చూసి "మామా, బ్యాటరీ కారుకు బ్యాటరీ అయిపోవడమేమిటి?" అన్నాడు. అయిపోయింది పెద్దది కాదు. బానెట్ కింద మామూలు కార్లలో ఉండేలాంటి 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది. కారులోని కంప్యూటర్‌ను మేల్కొలిపేది, పెద్ద బ్యాటరీ తలుపు తెరిచే రిలే అనే స్విచ్చిని కదిపేది అదే. అది చస్తే పెద్ద బ్యాటరీలో ఎంత కరెంటున్నా గోదాములో ధాన్యం ఉండి తాళం పోయినట్టే. ట్రాక్టర్‌దీ 12 వోల్టులే కదా. దాన్ని స్టార్ట్ చేయకుండా రెండు తీగలు కలిపాం. తెర వెలిగింది, సీటు కింద ఎక్కడో టక్కుమంది. మా వాడు మీసం తిప్పాడు. దారి పొడవునా పెద్ద బ్యాటరీయే చిన్నదానికి కరెంటు పోస్తూ నల్లగొండ చేర్చింది.

సర్వీసు కేంద్రంలో ఆ చిన్న బ్యాటరీకి పదకొండు రోజులు ఆగమన్నారు. గడియారం సెంటర్ దగ్గర బ్యాటరీల కొట్టులో అరగంటలో మార్చి పంపారు. మారుతి 800కు ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు అరిగితే ఎమరీ కాగితంతో రుద్ది పంపిన వీధే అది. దీన్ని ముట్టుకోగలిగే మెకానిక్ మన ఊళ్లో ఉండడని నాలుగేళ్ల కిందట అనుకున్నాను. సగమే నిజం. మోటారు, పెద్ద బ్యాటరీ జోలికి ఎవరూ రారు, రాకూడదు కూడా. మిగతా కారంతా కారే.

మార్పు అంటే నాకు విడ్డూరంగా తోచింది ఇంకోటి. 2023లో సర్వీసుకిచ్చి తెచ్చుకుంటే బండి నడక మారిపోయింది. ఏదో అప్‌డేట్ వేశారట. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే మునుపటికన్నా గట్టిగా పట్టేసి, ఆ ఊపును కరెంటుగా మార్చుకుంటోంది. మూడు రోజులు ఇంటిల్లిపాదీ ముందుకు తూలారు. ఒక్క మాట చెప్పి చేయాల్సింది. లాభం లేకపోలేదు: మొదటి బ్రేకు ప్యాడ్లే ఇంకా ఉన్నాయి. టైర్లు మాత్రం 38,000కే అరిగాయి. బరువు ఎక్కువ, లాగుడు ఎక్కువ.

ఖర్చు సంగతి. ఇంజన్ ఆయిల్ లేదు, ఫిల్టర్ల గొడవ తక్కువ. 2020 అక్టోబరులో రాష్ట్రం తెచ్చిన కరెంటు బండ్ల విధానం పుణ్యాన రోడ్డు పన్ను తప్పింది. కరెంటు బిల్లు మాత్రం అందరూ చెప్పినంత చవక కాదు. నెలకు రెండు వందల పైచిలుకు యూనిట్లు కారే తాగుతుంది. ఇంటి వాడకం 200 దాటితే మొదటి యూనిట్ల ధర కూడా మారుతుంది కాబట్టి ఫ్యాను తిరిగినా కారు పేరే చెప్పుకోవాలి. అయినా డీజిల్‌కు పోసినదానిలో మూడో వంతు కాలేదు.

సొంత గేటు, సొంత ఎర్త్ గుంత ఉన్నవాళ్లు నిశ్చింతగా కొనవచ్చు. అద్దె ఇంటి రెండో అంతస్తు నుంచి తీగ వేలాడదీద్దామనుకునేవాళ్లు ఆగండి. మొన్నటి పరీక్షలో పెద్ద బ్యాటరీ సత్తువ 91 శాతం వచ్చింది, వారంటీ ఎనిమిదేళ్లు. డిక్కీలో రెండు జంపర్ తీగలు పడేసి ఉంచాను. చిన్న బ్యాటరీని వచ్చే మార్చిలోగా మళ్లీ మార్చాలని క్యాలెండరు మీద రాసిపెట్టుకున్నాను.