కరువులో వర్షారణ్యం: రంధ్రాలు మూసే చెట్టా, నీరు లాగే చెట్టా?

వాన తగ్గగానే కొన్ని చెట్లు ఆకుల మీది సన్నని రంధ్రాలను మూసేస్తాయి. నీరు మిగులుతుంది, కానీ కార్బన్ డయాక్సైడ్ లోపలికి రాదు. కరువు సాగితే దాచుకున్న పిండిపదార్థంతోనే నెట్టుకురావాలి.

ఇంకొన్ని చెట్లు రంధ్రాలు తెరిచే ఉంచి, ఎండుతున్న నేల నుంచి కూడా నీరు లాగుతాయి. ఆహారం తయారీ ఆగదు. అసలు చిక్కు కాండంలో: లాగుడు మరీ ఎక్కువైతే సన్నని నీటిగొట్టంలోకి గాలి బుడగ చొరబడి దారి మూసుకుపోతుంది. చాలాసార్లు కొత్త కలప పెరిగితే గానీ ఆ నష్టం తీరదు, దానికి ఏళ్లు పట్టొచ్చు.

బ్రెజిల్‌లోని అమెజాన్ అడవిలో, కాషివానాలో, కరువు ప్రభావం చూడటానికి 2002 నుంచి ప్యానెళ్లు పరిచి దాదాపు సగం వానను పక్కకు మళ్లించారు. ఎక్కువగా చచ్చిపోయినవి మహావృక్షాలే. ఆకలి కన్నా నీటిదారులు దెబ్బతినడమే కారణమని పరిశోధకులు తేల్చారు. అందుకే, వేళ్లు బాగా లోతుకు దిగిన చెట్టుకు తప్ప, రంధ్రాలు మూసే పద్ధతే భద్రమని నాకనిపిస్తుంది.